ఓనరు ఎక్కిన బండి

నడపడం రాని డ్రైవరు, నమ్మడానికి వీల్లేని బండి - ఈ రెండూ మన జిల్లాకు దేవుడిచ్చిన వరాలు!

నవ్వకండి. కాస్త ఆలోచించండి. ఖమ్మంలో బండెక్కి భద్రాచలం పోయే భక్తుడికి మంచి డ్రైవరు దొరికాడనుకోండి. ఏం చేస్తాడు? వైరా చెరువు రాకముందే గుర్రుపెట్టి నిద్రపోతాడు. గోదావరి బ్రిడ్జి మీద ఎవరో తట్టి లేపితే గాని రాముడు గుర్తుకు రాడు. అదే చెడ్డ డ్రైవరు దొరికితే? తల్లాడ మలుపులోనే రామనామం మొదలవుతుంది. కొత్తగూడెం వచ్చేసరికి రామకోటి పూర్తవుతుంది. గుడిలో స్వామికి కొత్తగా చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ఒక దండం పెట్టి బయటికి రావడమే! పుణ్యానికి పుణ్యం, తీరికకు తీరిక.

మతసామరస్యం మాటేమిటి? ఎన్ని సభలు పెట్టినా, ఎన్ని ఉపన్యాసాలు దంచినా రానిది ఒక్క సడన్ బ్రేకుతో వస్తుంది. "యా అల్లా", "ప్రభువా", "రామచంద్రా" - మూడూ ఒకే క్షణంలో, ఒకే శ్రుతిలో! సంగీతం మాస్టారు కూడా అంత బాగా కలపలేడు.

ఇక ఆరోగ్యం. జిమ్ముకు పోయి చల్లటి గదిలో ఇనుము ఎత్తేవాళ్లున్నారు. నడిరోడ్డు మీద, మిట్టమధ్యాహ్నం, పదిమందితో కలిసి ఇనుమును తోయడంలో ఉన్న చెమట, ఐకమత్యం అక్కడ దొరుకుతాయా?

ఇన్ని మేళ్లు చేసే మహానుభావులకు మనం ఏం చేశాం? ఒక్క శాలువా కప్పామా? ఒక్క దండ వేశామా? ఆ లోటు కొంతైనా తీర్చడానికే అజారుద్దీన్ గారి సంగతి ఇప్పుడు చెప్పుకోవాల్సి వస్తోంది.

అజారుద్దీన్ గారిది ఖమ్మంలో పేరున్న సంస్థ. 'సలామత్ సవారీ సర్వీస్'. సలామత్ అంటే క్షేమం. తండ్రి ఒక్క జీపుతో మొదలుపెట్టిన వ్యాపారాన్ని ఆయన మినీ బస్సుల దాకా తెచ్చాడు. ఆఫీసు గది ఎప్పుడూ చల్లగా ఉంటుంది. కుర్చీ వెనక గోడమీద "మీ ప్రాణమే మా ప్రాణం" అని పెద్ద అక్షరాలు. మనిషి చెడ్డవాడు కాడు, అది ముందే చెప్పేయాలి. బీదవాళ్లింట్లో పెళ్లంటే కిరాయి తీసుకోకుండా బస్సు పంపేవాడు. అది సాయమో కాదో ఆ పెళ్లివాళ్లనే అడగాలి.

ఆయనకు ఒకే ఒక సిద్ధాంతం ఉండేది. బండి ముందుకు పోవడానికి పెట్టేది ఖర్చు, బండి ఆగడానికి పెట్టేది దండుగ! కాబట్టి డీజిల్ పోయించేవాడు. బయట రంగు వేయించేవాడు. లోపల పాటల పెట్టె, రంగురంగుల లైట్లు పెట్టించేవాడు. బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "వచ్చే నెల చూద్దాం" అనేవాడు. ఆయన క్యాలెండర్‌లో అన్ని నెలలూ వచ్చాయి, ఆ వచ్చే నెల ఒక్కటే రాలేదు. అయినా బండి ఫిట్‌నెస్ కాగితం మాత్రం తళతళలాడుతూ ఉండేది. బండి కంటే కాగితమే మంచి కండిషన్‌లో ఉండేది.

ఆయన దగ్గర మోతీలాల్ అని ఒక డ్రైవరు ఉండేవాడు. జూలూరుపాడు పక్కన తండా మనిషి. అజారుద్దీన్ తండ్రి జీపు నడిపిన రోజుల నుంచి ఉన్నవాడు. ఉదయం బండి తీసేముందు చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లు తట్టి, కిందికి వంగి చూసి గాని ఎక్కేవాడు కాదు. ప్రయాణికులు విసుక్కునేవాళ్లు. "బండి తోల్తవా, ప్రదక్షిణం చేస్తవా?" అనేవాళ్లు. మోతీలాల్ వినిపించుకునేవాడు కాదు.

ఒకరోజు అతను ఆఫీసు గదిలోకి వచ్చాడు.

"సేట్, భద్రాచలం బండికి బ్రేక్ లైనింగ్ అయిపోయింది. పెడల్ లోపలికి పోతున్నది."

"వచ్చే నెల ఏపిద్దాం మోతీలాల్."

"పోయిన నెల గూడ గదే అన్నరు."

"ఏంది, నాకే ఎదురు చెప్తున్నవా? బండి నడుస్తున్నదా లేదా?"

"నడుస్తున్నది సేట్. నడుసుడు గురించి కాదు, ఆగుడు గురించి చెప్తున్న."

అజారుద్దీన్ ఫోన్ అందుకుని ఎవరితోనో మాట్లాడసాగాడు. మోతీలాల్ తాళంచెవి తీసి గోడకున్న మేకుకు తగిలించి, "బ్రేకులు ఏపిచ్చినంక కబురు పెట్టుండ్రి" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఎంత పొగరు! అజారుద్దీన్‌కు రాత్రి అన్నం సహించలేదు. మర్నాడే కొత్త డ్రైవరును పెట్టుకున్నాడు. పేరు రాంబాబు, ఊరు వేంసూరు. మెత్తటి మనిషి. ఆ ఇంటర్వ్యూ ఇలా జరిగింది:

"బస్సు తోలినవా?"

"లేద్సార్. ట్రాక్టర్ తోలిన. ట్రాలీతోటి."

"ట్రాలీల మనుషులను ఎక్కిచ్చినవా ఎప్పుడన్న?"

"మా అక్క పెండ్లికి ఎక్కిచ్చిన."

"ఇంకేంది మరి! ప్యాసింజర్ ఎక్స్‌పీరియన్స్ ఉన్నట్టే!"

"సార్, నాకు కొన్ని రోజులు ఎవరన్నా పక్కన కూసోని నేర్పిస్తే..." అని రాంబాబు నసిగాడు. అప్పటికే అజారుద్దీన్ మేకుకున్న తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టేశాడు.

ఇలా ఉండగా, భద్రాచలంలో ఒక మిషన్ దవాఖానా వాళ్లు అడవి పల్లెల నుంచి రోగులను తీసుకురావడానికి, నర్సులను దింపిరావడానికి బస్సులు కావాలని వెతుకుతున్నట్టు తెలిసింది. ఏడాది పొడుగునా నడిచే కాంట్రాక్టు. అజారుద్దీన్‌కు ప్రాణం లేచొచ్చింది. దవాఖానా క్లర్కుతో ఫోన్‌లో మాట్లాడి మాటలతోనే మేడలు కట్టాడు. "సోమవారం మధ్యాహ్నం రండి, సూపరింటెండెంట్ గారితో మాట్లాడుదురు. అవసరమైతే దారిలోనే ఫోన్ చేస్తారు" అన్నాడు క్లర్కు.

సోమవారం ఉదయం ఆయన తెల్లటి లాల్చీ తొడుక్కుని, అత్తరు రాసుకుని బయటికి వచ్చి చూస్తే గుమ్మంలో కారు లేదు. భార్య ఫరహా తెల్లవారకముందే హైదరాబాదు, చెల్లెలింటికి తీసుకుపోయింది. ఆ సంగతి ముందురోజే చెప్పింది. ఈయనే వినలేదు. బస్టాండుకు పరుగెత్తితే ఆర్టీసీ బస్సు అప్పుడే వెళ్లిపోయింది. రోడ్డు పక్కన మాత్రం తన సొంత మినీ బస్సు, పాటలు మోగిస్తూ, "డైరెక్ట్ భద్రాచలం" బోర్డుతో నిలబడి ఉంది.

మిఠాయి కొట్టువాడు తన మిఠాయి తినడు. అజారుద్దీన్ కూడా అంతవరకు తన బస్సు ఎక్కి ఎరగడు. ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత డ్రైవరు కిటికీ దగ్గరికి పోయి మెల్లగా అన్నాడు: "రాంబాబూ, నేను ఓనర్నని ఎవ్వరికి చెప్పకు. ఒక్కొక్కరు ఒక్కొక్క పంచాయితీ పెడ్తరు."

"సరే సార్" అన్నాడు రాంబాబు. ఆ మాట అంటున్నప్పుడు అతని చేతులు స్టీరింగు మీద చెమటలు పట్టి ఉన్నాయి. అజారుద్దీన్ అది గమనించలేదు.

ఆయనకు మధ్య వరుసలో సీటు దొరికింది. కూర్చోగానే కింద స్ప్రింగు పలకరించింది. ఆ స్ప్రింగు మీద ఇదివరకు ఎన్నో ఫిర్యాదులు వచ్చాయి. "కుషన్ సీట్లంటే అట్లనే ఉంటయ్" అని ఆయన వాదించేవాడు. ఇప్పుడు స్ప్రింగు తన వాదన వినిపించింది.

పక్కన ఒకామె కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. గంజి పెట్టిన నూలుచీర, ఒళ్లో చిన్న సంచి, కళ్లజోడు. ఎవరో టీచరమ్మ అనుకున్నాడు. ముందు సీట్లో ముక్కుపుడక పెట్టుకున్న ముసలావిడ, రాములవారి దర్శనానికి పోతోంది. మిగతా జనం మామూలే.

బండి కదిలింది. రాంబాబు ట్రాక్టర్ అలవాట్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. మలుపు వస్తే చాలు, వెనక ట్రాలీ కూడా తిరగాలి కదా అన్నట్టు రోడ్డంతా తిప్పేవాడు. స్పీడ్ బ్రేకర్ దాటగానే ట్రాలీ ఊడిపోలేదు కదా అని వెనక్కి తిరిగి చూసేవాడు. వెనక ఉన్నవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకునేవాళ్లు. అజారుద్దీన్ కుడికాలు తనకు తెలియకుండానే నేలను తొక్కుతోంది.

"ముంగటికి చూసి తోలు బిడ్డా! ఎన్కకు ఏమున్నది, మేమే గద ఉన్నది!" అని ముసలావిడ అరిచింది.

"ఆ పిల్లగాన్ని అనుడు కాదమ్మా, బండిని గిట్ల పంపిన ఓనర్ను అనాలె" అంది నూలుచీర ఆవిడ నెమ్మదిగా. తర్వాత అజారుద్దీన్ వైపు తిరిగింది. "ఈ బండి ఓనరెవరో మీకు ఎరుకేనా సార్?"

ఎరుక లేదంటే సరిపోయేది. కానీ బస్సంతా ఆయన వైపే చూస్తోంది. ఖమ్మంలో తనకు తెలియని మనిషి ఉన్నాడని ఒప్పుకోవడం ఆయనకు పుట్టుకతో రాని విద్య.

"ఎరుకే" అన్నాడు. "శానా పిసినారి మనిషని చెప్పుకుంటరు."

అంతే! బస్సులో పండగ మొదలైంది. తలా ఒక తిట్టు అందుకున్నారు. ఒకడు సీట్ల గురించి, ఒకడు మూసుకోని కిటికీల గురించి. ముసలావిడ తిట్లు అన్నింటికంటే పాతకాలంవి, అన్నింటికంటే ఘాటైనవి. ఈ తిట్లన్నీ తనవి కావని నిరూపించుకోవడానికి అజారుద్దీన్ అందరికంటే గట్టిగా తిట్టాల్సి వచ్చింది. మొదట భయంతో మొదలుపెట్టాడు. జనం తలలూపి వింటుంటే ఉత్సాహం వచ్చింది.

"బ్రేకులు ఏపియ్యమంటే వచ్చే నెల అంటడంట. మంచిగ తోలే డ్రైవర్ మోతీలాల్ అని ఒకడుంటే, గా మాట అడిగిండని పోగొట్టుకున్నడంట. ఏం మనుషులో!" అన్నాడు. అన్నాక ఆయనకే చిత్రంగా అనిపించింది. ఆ మాటలు తన నోటితో తను మొదటిసారి వింటున్నాడు.

"పోగొట్టుకున్నడా?" అంది నూలుచీర ఆవిడ. కళ్లజోడు సర్దుకుంది.

కొత్తగూడెం దాటింది, పాల్వంచ దాటింది. అడవి మొదలైంది. టేకుచెట్లు ఆకులు రాల్చి నిలబడి ఉన్నాయి. ఫిబ్రవరి ఎండ రోడ్డు మీద మెరుస్తోంది. ఎవరో కిటికీకి తల ఆనించి కునుకు తీస్తున్నారు. అడవి పలచబడి చేలు కనిపించేచోట రోడ్డు పల్లంలోకి దిగుతుంది. అక్కడ రాంబాబు బ్రేకు తొక్కాడు. పెడల్ లోపలికి పోయింది, తిరిగి పైకి రాలేదు.

"సార్..." అన్నాడు రాంబాబు.

ఆ 'సార్' ఎవరికోసమో బస్సులో ఒక్కరికే తెలుసు. ఆ గొంతులో పలికిందేమిటో కూడా ఆ ఒక్కరికే అర్థమైంది. అజారుద్దీన్‌కు దేవుడు గుర్తుకు రాలేదు. పిల్లలు గుర్తుకు రాలేదు. "వచ్చే నెల" అన్న మాట ఒక్కటే చెవుల్లో మోగింది.

ఎదురుగా పత్తి లోడు లారీ ఎక్కుతూ వస్తోంది. అటు పోతే లారీ. ఇటు పోతే కల్వర్టు గోడ. కల్వర్టు దాటగానే రోడ్డు పక్కన చదునైన కల్లం, దాని నిండా బరకాల మీద ఆరబోసిన మిరపకాయలు, ఎర్రటి గుట్టలు గుట్టలుగా. రాంబాబు హారన్ మీద చెయ్యి తీయకుండా, ఏడుస్తూ, కల్వర్టు దాటేదాకా పట్టుకుని స్టీరింగు ఒక్కసారిగా తిప్పేశాడు. కల్లంలో ఉన్న కూలీలు గట్టుమీదికి ఉరికారు. బస్సు మొదటి గుట్టను చీల్చింది, రెండోదాన్ని ఎక్కింది, మూడోదానిలో మూతి పెట్టి ఆగిపోయింది.

ఎవరికీ ఏమీ కాలేదు. ఒకళ్లిద్దరికి నుదురు బొప్పి కట్టింది. కానీ ఎండు మిరపకాయల గుట్టలో దూసుకుపోయిన బస్సు లోపల ఎలా ఉంటుందో మీకు తెలుసా? కారం మిల్లులో తలుపులు మూసి, మిమ్మల్ని లోపల పెట్టి, ఫ్యాన్ వేసినట్టుంటుంది! మూసుకోని కిటికీలన్నిటి నుంచి ఎర్రటి దుమ్ము లోపలికి కొట్టింది. తుమ్ములు, దగ్గులు, ఏడుపులు. ముక్కుతూ మూలుగుతూ అందరూ కిందికి దూకారు. ముసలావిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని రాములవారిని, బండి ఓనర్ను ఒకే ఊపిరిలో తలుచుకుంటోంది. అజారుద్దీన్ తెల్ల లాల్చీ పెళ్లిబట్టలాగా ఎర్రబడింది. కళ్లు ధారలు కడుతున్నాయి, ఏమీ కనిపించడం లేదు.

కల్లం రైతు దూలయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఏడాది పంట. కోసి, ఏరి, ఎండబెట్టి, రేపో మాపో బస్తాలకెత్తి ఖమ్మం మార్కెట్‌కు పంపాల్సిన సరుకు. సగం నలిగి మట్టిలో కలిసింది. అతను ముందు తన కూలీలందరూ ఉన్నారా అని చూసుకున్నాడు. ఉన్నారు. తర్వాత పోయి రాంబాబు గల్లా పట్టుకున్నాడు.

"కండ్లు కనపడ్తలేవా? మనుషులున్నరు కల్లంల! పంట చూడు ఏమైందో! నీకెవడిచ్చిండు బండి?"

రాంబాబు బస్సు కిందికి చెయ్యి చూపించాడు. "బ్రేకులు పడలేదన్నా..."

"ఓనర్ ఎవడు? ఆడెవడో చెప్పు, నిన్ను ఇడుస్త!"

రాంబాబు తల తిప్పి, కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డ అజారుద్దీన్ వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత చూపు దించుకున్నాడు. "నాకు ఎరుక లేదన్నా" అన్నాడు.

ఆ మాట మాత్రం అజారుద్దీన్‌కు మిరపఘాటు కంటే గట్టిగా తగిలింది. తన మాట నిలబెట్టడం కోసం ఒకడు దెబ్బలకు సిద్ధపడి నిలబడ్డాడు. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. నోరు తెరిచాడు. తుమ్ము వచ్చింది. మళ్లీ తెరిచాడు. ఈసారి ధైర్యం రాలేదు.

ఈలోగా కూలీల్లో ఒకామె బస్సు వెనక్కి పోయి అద్దం మీది అక్షరాలు చదివింది. "మా డ్రైవర్ తప్పుగా నడిపితే ఈ నంబర్‌కు ఫోన్ చేయండి అని రాసున్నది దూలన్నా!"

దూలయ్య ఫోన్ తీసి నంబర్ నొక్కాడు.

అజారుద్దీన్ జేబులో ఫోన్ మోగింది. కళ్లు కనిపించని మనిషికి అది దవాఖానా ఫోన్ తప్ప మరొకటి అయ్యే అవకాశం లేదు. ఎంతకాలంగా ఎదురుచూస్తున్న ఫోన్! జనానికి వీపు తిప్పి, గొంతు సవరించుకుని, తేనె కలిపి అందుకున్నాడు.

"నమస్తే నమస్తే! సలామత్ సవారీ సర్వీస్. ఓనర్ అజారుద్దీన్ మాట్లాడుతున్నండి. మీ ప్రాణమే మా ప్రాణం! చెప్పుండ్రి సార్, బండ్లు ఎప్పుడు పంపమంటరు?"

"ఇప్పటికి ఒకటి పంపినవ్ గద, సాలు" అంది ఫోన్.

అదే మాట వెనకనుంచి కూడా వినిపించింది. అజారుద్దీన్ మెల్లగా తిరిగాడు. చేతిలో ఫోన్‌తో దూలయ్య, పక్కన కూలీలు, ఆ పక్కన పాల్వంచ దాకా తనతో కలిసి ఓనర్ను తిట్టిన మొత్తం బస్సు. మొదట ముసలావిడకు అర్థమైంది.

"ఓరి నీ తెలివి కూల! నిన్ను నువ్వే తిట్టుకుంటివి గదరా! మాకంటె మంచిగ తిట్టినవ్!"

నవ్వు మొదలైంది. దూలయ్య మాత్రం నవ్వలేదు. రాంబాబు గల్లా వదిలి ఇటు వచ్చాడు. అజారుద్దీన్ రెండు చేతులూ జోడించాడు. అది వ్యాపారపు దండం కాదు. "తప్పు నాది. పిల్లగానిది కాదు. బ్రేకులు అయిపోయినయని నాకు ఎరుకే. నలిగిన మిర్చంత నేనే కొంట, నువ్వు చెప్పిన ధరకే" అన్నాడు.

"మిర్చి కొంటవు. మనుషులు నలిగుంటె ఎక్కడికెళ్లి కొనుక్కొస్తువు?" అన్నాడు దూలయ్య.

అజారుద్దీన్ కారం చేతులతోనే కళ్లు రుద్దుకున్నాడు.

అప్పుడు నూలుచీర ఆవిడ ముందుకు వచ్చింది. సంచిలోంచి నీళ్ల సీసా తీసి, "కండ్లు రుద్దకండి. నీళ్లు కొట్టుకోండి" అని ఆయన చేతిలో పెట్టింది. ఆయన మొహం కడుక్కునేదాకా ఆగి, "నా పేరు సంపూర్ణ. మీరు మధ్యాహ్నం కలవాల్సిన సూపరింటెండెంట్‌ని నేనే. కాంట్రాక్ట్ ఇచ్చేముందర ఒకసారి మీ బండి ఎక్కి చూద్దామని నిన్న ఖమ్మం వచ్చిన" అంది.

అజారుద్దీన్ మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఈసారి కారం వల్ల కాదు.

"మేడమ్, ఒక్క చాన్స్..."

"బండిల మా దగ్గరికి వచ్చేటోళ్లు నెలలు నిండిన ఆడోళ్లు, జరమొచ్చిన పిల్లలు. దవాఖానాకు రావాలని ఎక్కుతరు సార్, దవాఖానాల పడాలని కాదు" అంది సంపూర్ణ. ఆర్టీసీ బస్సు ఒకటి దూరంగా వస్తుంటే చెయ్యెత్తింది. ఎక్కబోతూ ఆగి, "ఆ మోతీలాల్ తోలుతున్నడంటే అప్పుడు రండి, మాట్లాడుదాం" అని వెళ్లిపోయింది.

నలిగిన మిర్చి బస్తాలు మర్నాడు అజారుద్దీన్ ఇంటి ముందు దిగాయి. హైదరాబాదు నుంచి వచ్చిన ఫరహా గుమ్మంలో తుమ్ముతూ అడిగింది: "బస్సులు అమ్మి మిర్చి యాపారం పెట్టినవా ఏంది?" బంధువులందరికీ ఆ ఏడాది కారం ఉచితంగా అందింది.

బ్రేకులు వేయించాక ఆయన తండాకు పోయాడు. మోతీలాల్ పత్తికట్టెకు నిప్పు పెడుతూ కనిపించాడు. కుర్చీ వేయించాడు, మంచినీళ్లు ఇచ్చాడు. అంతా విని, కట్టెతో మంటను ఎగదోశాడు.

"పిల్లగానికి దెబ్బలేమన్న తగిలినయా?"

"లేదు."

"ఇంకా పన్ల ఉన్నడా, తీసేసిన్రా?"

"ఉన్నడు."

"అయితే వస్త సేట్. కని ఒక్క మాట. బండి కదలదు అని నేనంటే, కదలదు. మీరన్నా కదలదు, మీ అబ్బాజాన్ లేసొచ్చి చెప్పినా కదలదు."

"మా అబ్బాజాన్ నీ దిక్కే మాట్లాడుతడు లే" అన్నాడు అజారుద్దీన్.

అలా మోతీలాల్ తిరిగి వచ్చాడు. రాంబాబును పక్కన కూర్చోబెట్టుకుని నేర్పడం మొదలుపెట్టాడు. స్పీడ్ బ్రేకర్ రాగానే రాంబాబు మెడ వెనక్కి తిరిగేది. "ట్రాలీ లేదు తమ్మీ, లేదు" అనేవాడు మోతీలాల్ ఓపికగా. దవాఖానావాళ్లు ఒక బస్సును ముందు పరీక్షగా తీసుకున్నారు, తర్వాత ఏడాదికి రాసుకున్నారు. సంపూర్ణ గారు అప్పుడప్పుడు చెప్పకుండా ఎక్కి కూర్చుంటారని వినికిడి. అన్నీ చక్కబడ్డాయి, కథ సుఖాంతం అనుకుంటున్నారు కదూ?

ఒకరోజు ఉదయం భద్రాచలం సర్వీసు నిండా జనంతో బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. మోతీలాల్ చుట్టూ తిరిగి చూసి, ముందు టైరు దగ్గర వంగి, లేచాడు.

"టైర్ ఉబ్బింది. మార్చాలె. జర ఆగుండ్రి."

"ఎంతసేపు?" అన్నారు లోపలినుంచి.

"మార్చేంతసేపు."

అజారుద్దీన్ అక్కడే నిలబడి ఉన్నాడు. పాత నాలుక ఒకసారి కదిలింది. మోతీలాల్ మొహం చూసి ఊరుకుంది. జనం మాత్రం ఊరుకోలేదు.

"గింత ఉబ్బుకు ఏమైతది?"

"దేవుడున్నడు, పోనియ్యి!"

"ఈ ముసలోనికి భయం ఎక్కువ. ఏం గాదు!"

సరిగ్గా అప్పుడే ఎదురుగా ఇంకో మినీ బస్సు వచ్చి ఆగింది. టైర్లు అరిగి గుండులా నున్నగా ఉన్నాయి. ఒక హెడ్‌లైటు తాడుతో కట్టి ఉంది. పాటలు మాత్రం ఊరంతా వినిపిస్తున్నాయి. డ్రైవరు ఒంటిచేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని, "భద్రాచలం, భద్రాచలం! ఎక్కుండ్రి జల్దీ!" అని కేక వేశాడు.

అజారుద్దీన్ కళ్లముందే బస్సు ఖాళీ అయింది. ఒకళ్లను ఒకళ్లు తోసుకుంటూ, సామాన్లు కిటికీల్లోంచి అందించుకుంటూ, జనం ఆ బస్సులోకి ఎక్కారు. అందులో కూర్చోవడానికి చోటు లేనివాళ్లు వేలాడారు. దుమ్ము లేపుకుంటూ అది వెళ్లిపోయింది.

అజారుద్దీన్ లాల్చీ చేతులు పైకి మడిచి, రాంబాబు చేతిలోంచి పానా తీసుకుని, జాకీ పక్కన కూర్చున్నాడు. నట్లు విప్పాడు. టైరు మార్చాక ముగ్గురూ బండెక్కారు.

"ఖాళీ బండి ఎందుకు తోలుడు మోతీలాల్?" అన్నాడు ఆయన, మధ్య వరుసలో కూర్చుంటూ.

"ఖాళీ ఏడుంది సేట్? మనం ముగ్గురం ఉన్నం గద" అని మోతీలాల్ బండి తీశాడు.

ఇక ఆ రెండో బస్సు ఏమైందో చెప్పాలి. దారిలో ఎక్కడో బోల్తా పడి ఉంటుందని, జనానికి బుద్ధొచ్చి ఉంటుందని మీరు ఎదురుచూస్తున్నారు. క్షమించాలి. దానికి ఏమీ కాలేదు! అరిగిన టైర్లతో, తాడు కట్టిన లైటుతో, అందరికంటే ముందే భద్రాచలం చేరింది. జనం నవ్వుతూ దిగారు. "చూసిన్రా, ఏమన్న అయ్యిందా?" అని ఒకళ్లతో ఒకళ్లు చెప్పుకున్నారు. రేపు కూడా అదే బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడతారు. పిల్లలను కూడా తెచ్చుకుంటారు.

కల్లంలో మిరపకాయలు నలిగిన రోజు కాదు, అసలు ప్రమాదం జరిగింది ఆ బస్సు క్షేమంగా చేరిన రోజే.